నడిపి చూడందే

మొన్న ఆదివారం మా వదిన కారు చూడడానికి మధురవాడ నుంచి ఒకాయన వచ్చాడు. అన్నయ్యగారు పోయి నాలుగు నెలలు దాటింది. వదిన కూడా రిటైరైపోయింది. ఇంకా ఆ పాత కారు ఎందుకని మా ఆయనే పేపర్లో చిన్న ప్రకటన వేయించాడు. వచ్చినాయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, ముందు టైరుని బూటుకాలితో ఒక తన్ను తన్ని, బోనెట్ ఎత్తి మళ్ళీ దింపేశాడు.

"బాగుందండీ. తీసేసుకుంటాను" అన్నాడు.

"నడిపి సూడరా?" అంది వదిన.

"అక్కర్లేదమ్మా. టీచరుగారు వాడిన బండి. జాగ్రత్తగానే ఉంటాది."

వదిన లోపలికి వచ్చేసింది. వంటింట్లో నా పక్కన నిలబడి, "ఈయనకి అమ్మను. కాఫీ ఇచ్చి పంపించీ" అంది.

మా ఆయన నెత్తి కొట్టుకున్నాడు. నాకు ముందు నవ్వొచ్చింది, కాఫీ కలుపుతుంటే ఏడుపొచ్చింది. అన్నయ్యగారే ఉండి ఉంటే, నడిపి చూడకుండా కొంటానన్న ఆ మనిషిని గుమ్మంలోనే కూర్చోబెట్టి గంటసేపు చీవాట్లు పెట్టేవారు. పాపం, అమ్ముకునేది తామే అన్న సంగతి కూడా మరిచిపోయేవారు.

వదిన మా ఆయనకి అక్క, అన్నయ్యగారు ఆవిడ భర్త. పోర్టులో ఫైర్ సర్వీసు ఉద్యోగం. ఎక్కడ ఏది చెడిపోయిందో, ఎక్కడ ఏది అంటుకుందో అక్కడికి పరిగెత్తే పని. సవ్యంగా నడుస్తున్న వస్తువు దగ్గరికి ఆయన్ని ఎవరూ పిలవరు. అందుకేనేమో, లోకంలో సవ్యంగా నడిచే వస్తువంటూ ఒకటి ఉందని ఆయన నమ్మేవారు కాదు.

పొట్టి మనిషి. మెడ కాస్త ముందుకి పెట్టి, ఏదో వాసన పట్టుకుంటున్నట్టు ముక్కుపుటాలు ఎగరేస్తూ నడిచేవారు. మా ఇంటికొస్తే చెప్పులు విప్పి తిన్నగా వంటింట్లోకి వచ్చి, గ్యాసు రెగ్యులేటరు మీద చెయ్యి వేసి, వంగి ట్యూబు వాసన చూసి, అప్పుడు గానీ "ఏటమ్మా, బాగున్నావా?" అనేవారు కాదు. ముందు గ్యాసు, తర్వాత నేను. పెళ్ళైన కొత్తలో నాకు ఒళ్ళు మండిపోయేది. తర్వాత్తర్వాత నేనే "రెగ్యులేటరు కట్టేసే ఉంది అన్నయ్యగారూ, కూర్చోండి" అని ఎదురెళ్ళేదాన్ని. అయినా లోపలికి వెళ్ళి చూసే వచ్చేవారు.

ఆయనతో బజారుకి వెళ్ళడమంటే తలవంపులే. ప్రెషర్ కుక్కర్ కొనడానికి పూర్ణా మార్కెట్‌కి ఇంటి నుంచి బియ్యం పొట్లం కట్టుకుని వచ్చి, కొట్టువాడి స్టవ్ మీదే అన్నం వండించారు. గొడుగు కొంటే ముందు వీధి కుళాయి కింద విప్పి పట్టుకున్నారు. చెప్పుల జత వేసుకుని కొట్టు మెట్లు ఎక్కీ దిగీ, ఎక్కీ దిగీ, ఆఖరికి కొట్టువాడే విసిగి "ఒగ్గీండి బాబూ, మీకు సరిపడవు" అన్నాడు. అమ్మేవాడు వస్తువు గొప్పలు మొదలుపెట్టగానే అన్నయ్యగారు అరచెయ్యి అడ్డం పెట్టేసేవారు.

"ఎలా పన్జేత్తాదో తర్వాత సెప్దువు గాని. ముందు ఎలా పాడైపోద్దో సెప్పు బాబూ."

ఈ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పెళ్ళిచూపుల్లో కూడా ఇదే అడిగి ఉంటారని మా ఆయన ఏడిపించేవాడు. వదిన మాత్రం నవ్వేది కాదు.

తొంభైల చివర్లో వదినకి నడుంలో డిస్కు జారింది. వదిన లెక్కల టీచరు. బడేమో పద్మనాభం అవతల పల్లెలో. గోపాలపట్నం నుంచి ఒక బస్సు, ఆనందపురంలో దిగి ఇంకో బస్సు, అక్కడినుంచి గతుకుల్లో ఆటో. డాక్టరు బస్సు వద్దన్నాడు, ఆటో వద్దన్నాడు, స్కూటరు వెనక అసలే వద్దన్నాడు. నడుం వెనక దిండు పెట్టుకుని కారులో అయితే వెళ్ళొచ్చన్నాడు. బదిలీకి పెట్టుకున్న అర్జీకి బదులే లేదు. సెలవు అయిపోవస్తోంది, ఇంక పొడిగించేది లేదని చెప్పేశారు. అంటే కారు కొనుక్కుని తనే నడుపుకుంటూ వెళ్ళాలి, లేదంటే ఉద్యోగం వదులుకోవాలి.

ఆ ఉద్యోగం వదినకి జీతం కోసం కాదు. పిల్లలు లేని ఇల్లు వాళ్ళది. బడి ఉన్న రోజున వదిన మొహం వేరు, లేని రోజున వేరు. సెలవులో మంచం మీద పడుకుని గోడకేసి చూస్తూ, "నా పదో తరగతి పిల్లలు ఏటైపోతన్నారో" అని అంటుండేది. కాస్త లేవగలిగిన రోజు నుంచి డ్రైవింగ్ స్కూలుకి వెళ్ళి నేర్చుకుంది. లైసెన్సు వచ్చింది. ఇంక రావలసిందల్లా కారు.

అక్కడే వచ్చింది తంటా. మా ఆయన ఊరంతా గాలించి పాత కార్లు చూసిపెట్టేవాడు. అన్నయ్యగారు పరీక్ష చేసేవారు. కారు దగ్గరికి తిన్నగా వెళ్ళేవారు కాదు. ముందు ఆ ఇంటి ఇల్లాలిని పిలిచి, "ఎందుకమ్మా అమ్మేత్తన్నారు? నిజం సెప్పీయమ్మా" అనేవారు. ఆవిడ బిత్తరపోయేది. తర్వాత ఇంజను ఆన్ చేయించి, బోనెట్ మీద నిండా నీళ్ళు పోసిన గ్లాసు పెట్టి, అది ఎంత తొణుకుతుందో చూసేవారు. తర్వాత మా ఆయన నడుపుతుంటే వెనక సీట్లో కళ్ళు మూసుకుని కూర్చునేవారు. బీచ్ రోడ్డు మీద జాలరిపేట దగ్గర, చేపల బుట్టలు దింపుకునే చోట, ఉన్నట్టుండి "ఆపు!" అని అరిచేవారు. బ్రేకు అక్కడే పరీక్ష. కొన్నాళ్ళకి అక్కడి ఆడవాళ్ళు ఆయన్ని గుర్తుపట్టేశారు.

"ఏటి బాబూ, రోజుకో కారేసుకుని మా సేపల మీదకొచ్చీత్తన్నావ్? కొంతావా కొనవా?" అని ఒకావిడ బుట్ట దింపి మరీ అడిగింది.

"కొంతానమ్మా. మంచిది దొరకాల గదా" అన్నారు ఈయన, చాలా మర్యాదగా.

మంచిది దొరికితే కదా. ఒక కారు తలుపు శబ్దం బాగోలేదన్నారు. ఒకదాని హారన్‌కి జలుబు చేసిందన్నారు. ఒకటి మాత్రం నిజంగా చక్కటి కారు, గ్లాసులో నీళ్ళు చుక్క కూడా తొణకలేదు. మా ఆయన పొంగిపోతూ, "ఏటి బావా, ఎలాగుంది?" అన్నాడు.

"బాగుంది. అదే నా బయం" అన్నారు అన్నయ్యగారు. "లోపం లేదంటే లేదని కాదురా, దాక్కున్నాదని. రేపు మీ అక్క ఒక్కర్తీ ఉన్నప్పుడు బయటికొత్తాది."

ఆ రాత్రి మా ఆయన అన్నం తినకుండా పడుకున్నాడు. వదిన నాతో అంది: "మీ అన్నయ్యకి కార్లు నచ్చకపోడం కాదే. నాను నడపడం నచ్చట్లేదు. నోరిప్పి ఆ మాట సెప్పలేక కార్ల మీద పెడతన్నారు." నేనూ అదే అనుకున్నాను. ఇంకా కటువుగానే అనుకున్నాను.

సెలవు ఆఖరి ఆదివారం వచ్చింది. సోమవారం వదిన బడిలో ఉండాలి. ఆ పొద్దున్నే పాత టౌనులో అత్తర్ల కొట్టున్న ఒక పెద్దాయన తన కారు తీసుకుని మనిషిచేత నడిపించుకుంటూ ఇంటికే వచ్చారు. చూపు మందగించిందట, ఇంక నడపలేక అమ్మేస్తున్నారు. తెల్లటి గడ్డం, తెల్లటి కుర్తా. ఆయన్ని మేమంతా భాయ్ గారనేవాళ్ళం. కారులో కూర్చుంటే మల్లెపూల వాసన వేసింది. మా ఆయనకి డ్యూటీ, అందుకని నేను తోడు వెళ్ళాను.

వదిన చీర కొంగు దోపుకుని డ్రైవరు సీట్లో కూర్చుంది. "ఈ రోజు నానే నడుపుతాను. మీరు పక్కన కూర్చోండి. ఇది కూడా వద్దన్నారంటే రేపు బడికెల్లి రాజీనామా ఇచ్చీసొస్తాను. మళ్ళీ కార్ల మాట ఈ ఇంట్లో వద్దు."

అన్నయ్యగారు ఆవిడ మొహంలోకి చూడలేదు. "సింహాచలం కొండెక్కుదాం. కొండెక్కి దిగితే తెలుస్తాది" అన్నారు.

నేనూ భాయ్ గారూ వెనక కూర్చున్నాం. కొండ ఎక్కేటప్పుడు కారు చక్కగానే ఎక్కింది. దారి పొడుగునా అన్నయ్యగారి నోరు ఆగలేదు. "హారన్... హారన్ కొట్టు... ఎడమ... గేరు మార్చు... ముసిలాయన్ని సూసుకో..." వదిన పెదవి బిగించుకుని నడుపుతోంది. కొండ మీద దర్శనం చేసుకుందామని నేనంటే, "బండి సల్లారిపోద్దమ్మా, దిగేటప్పుడు సంగతి తెల్దు. దర్శనానికి మళ్ళీ వద్దాం" అన్నారు. దేవుడిక్కూడా వాయిదా వేశారన్నమాట. వదిన కారులోంచే గుడివైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది.

దిగడం మొదలైంది. "బ్రేకు నొక్కు" అన్నారు. వదిన నొక్కింది. కారు ఆగింది. "ఊఁ, పోనీ." పది గజాలు పోగానే మళ్ళీ "నొక్కు. గట్టిగా." మళ్ళీ ఆగింది. ప్రతి మలుపులో అంతే. వాలులో కారు కాస్త జోరందుకోగానే "నొక్కు!" ముందుకి తూలి నా నుదురు సీటుకి కొట్టుకుంది.

"సాబ్, ఇలా నొక్కుతా ఉంటే బ్రేకులు వేడెక్కిపోతాయి" అన్నారు భాయ్ గారు మెల్లగా.

"ఏడెక్కితే ఏటవుద్దో సూడాల గదా భాయ్."

"చూసి ఏం చేస్తారు సాబ్?"

అన్నయ్యగారు బ్రేకు మీదే చూపు పెట్టి, "ఇంకోసారి నొక్కు టీచరమ్మా" అన్నారు. మల్లెపూల వాసన మీదుగా ఇంకో వాసన వచ్చింది నాకు. ఇస్త్రీపెట్టె కింద బట్ట మాడినట్టు. అన్నయ్యగారి ముక్కుపుటాలు ఎగిరాయి. ఆయన నాకంటే ముందే పట్టి ఉంటారు.

"ఏదో కాల్తంది. పక్కకి తీసి ఆపీ."

వదిన నొక్కింది. కారు ఆగలేదు. మళ్ళీ నొక్కింది. కాలు నేలకంటా వెళ్ళిపోయింది, వెనక నుంచి నాకు కనిపిస్తూనే ఉంది. కారు మాత్రం జోరు పెంచుకుంటూ పోతోంది.

"ఆగట్లేదండీ" అంది వదిన.

ఆ గొంతు నాకిప్పటికీ చెవిలో ఉంది. కేక కాదు, ఏడుపూ కాదు. తెలియనిది ఎదురైనప్పుడు చిన్నపిల్ల పెద్దవాళ్ళకి చెప్పినట్టు చెప్పింది. ఎడమవైపు పిట్టగోడ, దాని అవతల లోయ. ఎదురుగా మలుపు. మలుపు కింద నుంచి బస్సు ఒకటి మూలుగుతూ పైకెక్కుతున్న చప్పుడు. నేను "సింహాద్రప్పన్నా" అంటూ భాయ్ గారి చెయ్యి పట్టేసుకున్నాను. ఆయన ఏదో దువా చదువుతున్నారు.

"ఏటి సెయ్యమంటారు? సెప్పండి బేగి!" అంది వదిన.

పొద్దుటి నుంచి ఆగని నోరు ఆగిపోయింది. అన్నయ్యగారి చెయ్యి హ్యాండ్‌బ్రేకు మీదకి వెళ్ళింది. పట్టుకోబోయి, ఆ చెయ్యి వెనక్కి లాక్కుని, తన మోకాలిని గట్టిగా పట్టుకున్నారు.

"నీకెలా తోత్తే అలాగ సెయ్యి. నాను మాటాడను."

వదిన గేరు దింపింది. ఇంజను ఒక్కసారి గొల్లుమంది. ఇంకో గేరు దింపింది. కారంతా వణికింది. కుడిచేత్తో హారన్ వదలకుండా నొక్కిపట్టి, ఎడమచేత్తో హ్యాండ్‌బ్రేకు కొద్దికొద్దిగా లాగుతోంది. మలుపులో బస్సు ఎదురైంది. ఆ డ్రైవరుకి మా హారన్‌తోనే సంగతి అర్థమై ఉంటుంది, బస్సుని కొండకి ఆనించేసి ఆపేశాడు. మా కారుకీ బస్సుకీ మధ్య చెయ్యి దూరే సందు కూడా లేదు. బస్సు కిటికీల్లో జనం నోళ్ళు తెరిచి చూస్తున్నారు. మలుపు దాటగానే కొండ ఎడమవైపుకి వచ్చింది. అక్కడ రోడ్డు పని కోసం కంకర కుప్ప పోసి ఉంది. వదిన ఎడమ చక్రాల్ని కాలవలోకి దింపి, కొండ మట్టికి రాసుకుంటూ తీసుకెళ్ళి, కారు ముక్కుని ఆ కుప్పలో గుచ్చింది. కారు ఒరిగి నిలబడింది.

భాయ్ గారు ముందు దిగి, తడుముకుంటూ ఒక రాయి తెచ్చి చక్రం కింద పెట్టారు. వదిన చేతులు స్టీరింగ్‌ని వదలడం లేదు. నేను దిగి, ముందు తలుపు తీసి, ఒక్కొక్క వేలూ విడదీశాను.

అన్నయ్యగారు వెళ్ళి రోడ్డు పక్క తూము గట్టు మీద కూర్చున్నారు. పడిపోతానేమో అన్నట్టు గట్టు అంచు రెండు చేతులా పట్టుకున్నారు. ఎన్ని మంటలకి ఎదురెళ్ళిన మనిషో. జాలి పడాల్సింది, కానీ నాకు ఆ క్షణాన పట్టరాని కోపం వచ్చింది.

"ఇప్పుడు తృప్తిగా ఉందా అన్నయ్యగారూ? ఇంకొంచెం ఉంటే నలుగురం పోయేవాళ్ళం" అన్నాను. అంతకు ముందెన్నడూ ఆయనతో అలా మాట్లాడలేదు.

భాయ్ గారు గట్టు దగ్గరికి వచ్చి, "సాబ్, అల్లా సాక్షి, ఈ బండి నన్ను ఎప్పుడూ ఇలా చెయ్యలేదు. మీకు వద్దంటే నాకేం తకరారు లేదు" అన్నారు.

"బండి తప్పేటీ లేదు భాయ్. నానే నొక్కించి నొక్కించి సంపీసినాను."

వదిన నడుం పట్టుకుని మెల్లగా వచ్చి నిలబడింది. మొహం పాలిపోయి ఉంది, కానీ గొంతు గట్టిగానే ఉంది. "సరేనండీ. అయిపోనాది గదా. కిందకి ఎలాగోలా ఎల్లిపోదాం. రేపు రాజీనామా రాసిచ్చీత్తాను."

"ఎందుకు?" అన్నారు అన్నయ్యగారు.

"ఎందుకేటి? ఇంక మీకు ఏ బండి మీద నమ్మకం కుదురుద్ది?"

"బండి మీద నాకు ఎప్పటికీ కుదరదు." ఆయన మొదటిసారి ఆవిడ మొహంలోకి చూశారు. "బ్రేకులు సచ్చిపోనా నువ్వు ఆపినావు. నాను పక్కనే ఉండి ఏటి సేసినాను? ఏటీ సెయ్యలేదు. నాను పక్కనున్నా ఒకటే, లేకపోనా ఒకటే. ఈ బండే కొందాం. సల్లారనీ, నువ్వే కిందకి దించు."

వదిన అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇన్నాళ్ళూ ఆయన భయం కార్ల గురించీ కాదు, ఆడమనిషి నడపడం గురించీ కాదు. ఏదైనా అయినప్పుడు తను అక్కడ ఉండనేమో అని. ఉన్నా చేసేదేమీ లేదని ఆ గట్టు మీద తెలుసుకోవడం ఆయనకి ఎంత కష్టమై ఉంటుందో నాకు తర్వాత గానీ తట్టలేదు.

కారు చల్లారాక దారినపోయేవాళ్ళు దాన్ని కంకరలోంచి లాగి రోడ్డెక్కించారు, బ్రేకు మళ్ళీ పట్టింది. వదిన కిందకి దించింది. సాయంత్రం భాయ్ గారు మెకానిక్‌ని పంపి అన్నీ చూపించారు. సోమవారం పొద్దున్న వదిన నడుం వెనక దిండు పెట్టుకుని బడికి వెళ్ళింది. అన్నయ్యగారు నైట్ డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. ఆయన లేకుండానే బయల్దేరింది.

ఆ కొండ తర్వాత ఆయన మారిపోయారనే మేమంతా అనుకున్నాం. కారులో కూర్చుంటే నోరెత్తేవారు కాదు. మా వంటింట్లో గ్యాసు రెగ్యులేటరు మాత్రం వదల్లేదనుకోండి. ఆయన పోయాక, పదో రోజు కార్యం అయ్యి బంధువులంతా వెళ్ళిపోయిన సాయంత్రం, నేనూ వదినా వరండాలో కూర్చున్నాం. మాటల్లో నేనే అన్నాను: "ఏమైనా అన్నయ్యగారిది పెద్ద మనసు వదినా. అంత భయస్థుడు, నిన్ను అంత దూరం ఒక్కదాన్నే పంపించేశారు."

"ఒక్కదాన్నా?" అంది వదిన.

చీర చెంగుతో మొహం తుడుచుకుని చెప్పింది. "రెండో రోజే అద్దంలో కనపడ్డారే. అడవివరం దాటినాక. నైట్ డ్యూటీ దిగి, నిద్ర కళ్ళతో, స్కూటరేసుకుని వెనకాల వత్తన్నారు. మధ్యలో లారీ అడ్డొస్తే కనపడరు, మళ్ళీ కనపడతారు. బడి దాకా వచ్చీవోరు కాదు. ఊరి మొదట్లో కిళ్ళీ కొట్టు దగ్గర ఆగిపోయి, నాను గేటులోకి ఎల్లినాక తిరిగి ఎల్లిపోయీవోరు. నైట్ డ్యూటీ పడినప్పుడల్లా అంతే. ఆ యేడు బడి మూసేదాకా."

"నువ్వు అడగలేదా?"

"అడిగితే సిగ్గుపడి మానీవోరు. మానీసి ఇంట్లో కూకుని నిద్రపోయీవోరా? పోరు. అందుకే అడగలేదు."

"మరి ఆ లారీల రోడ్డులో, నిద్రలేని మనిషి, స్కూటరు మీద... నీకు భయం వెయ్యలేదా వదినా?"

"ఎయ్యకేటి?" అంది వదిన. "నాను జోరెడితే ఆయనా జోరెట్టాల గదా. అందుకే ముప్పై దాటనిచ్చీదాన్ని కాదు. ఆయనొచ్చిన రోజల్లా ప్రేయరు అయిపోనాకే బడికి సేరీదాన్ని. హెడ్మాస్టరు అందరి ముందూ తిట్టీవోడు. తిట్టించుకున్నాను గాని, స్పీడు మాత్రం పెంచలేదే."